కనుబొమ్మ మీద నెలవంక

తుపాకుల కొట్టులో పనిచేశానని చెప్పగానే జనం నా మీసం వంక చూస్తారు. నాకు మీసం లేదు. అప్పుడు కాస్త నిరాశపడి, "ఎప్పుడైనా కాల్చారా?" అని అడుగుతారు. నేను జీవితంలో ఎక్కువ భాగం తుప్పు గీకాను, నూనె రాశాను, తుపాకీని భుజానికి ఆనించే బట్ కర్రలను చెదలు తింటే అతుకులు వేశాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్లజోళ్ల షాపుకీ కోచింగ్ సెంటరుకీ మధ్య ఇరుక్కున్న ఆయుధాల కొట్టులో మరమ్మతు పనికి చేరి, జుట్టు నెరిశాక అక్కడినుంచే బయటికి వచ్చాను. నా పేరు దేవదానం.

ఈ మధ్య ఆ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చేసి, రైతులకు స్కోపు ఎలా ఎంచి ఇవ్వాలని అడిగారు. స్కోపంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి. మా రైతులు దాన్ని గొట్టం అంటారు. కంపెనీ పుస్తకాలు చూడమని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్లకు మా సీతారావమ్మ గారు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంది మిరపకాయ తినదు

ముందు మన వేట ఏమిటో తెలుసుకోండి. సినిమాల్లో పెద్దపులి ఉంటుంది. మన దగ్గర అడవిపంది ఉంటుంది. అది కూడా ఎవరు పడితే వాళ్లు కాల్చేది కాదు. పోలీసువారి లైసెన్సు ఉండాలి, పైరు పాడవుతోందని అటవీ శాఖ వారిచ్చిన అనుమతి ఉండాలి. ఆ రెండూ లేనివాళ్లకు మా కొట్టులో మంచినీళ్లు తప్ప ఏమీ దొరికేవి కావు.

తొంభైల చివర్లో, రెండువేల తొలి సంవత్సరాల్లో, వినుకొండ, మార్కాపురం వైపు కొండల పక్కన మిరప వేసినవాళ్లు పందుల గురించి చెప్పి చెప్పి ఏడ్చేవారు. పంది మిరపకాయ తినదు. తడి పెట్టిన చాలులో వానపాముల కోసం ముట్టెతో తవ్వుకుంటూ పోతుంది. అడ్డొచ్చిన మొక్కను వేళ్లతో సహా ఎత్తి పక్కన పారేస్తుంది. తెల్లారేసరికి తోట దున్నినట్టుంటుంది. "తిన్నా బాధ లేదయ్యా, ఆకలని సరిపెట్టుకుందుం. దానికి మన పంట చెత్తతో సమానం!" అని ఒక రైతు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ అవమానమే వాళ్లను మా కొట్టు దాకా తీసుకొచ్చేది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. తోటలో పంది ఎక్కడుంటుంది? మంచె మీద కూర్చున్నవాడికి గిరాటు వేస్తే రాయి తగిలేంత దూరంలో ఉంటుంది. ఎప్పుడు వస్తుంది? పొద్దు వాలాక, లేదా తెలవారుతుండగా వస్తుంది. అంటే దగ్గర దూరం, మసక వెలుతురు. స్కోపు ఎంపికలో ముప్పాతిక భాగం ఈ రెండు మాటల్లోనే ఉంది.

"పవర్ ఎంతండి?"

కానీ రైతు కొట్టులో కాలు పెట్టగానే అడిగేది ఒకటే. "పవర్ ఎంతండి?"

ఆయన తప్పు కాదు. పత్తికి పురుగు పట్టి ఒక మందుకు చావకపోతే రెండోది కలుపుతాడు. దానికీ చావకపోతే మూడోది పోసి కర్రతో తిప్పుతాడు. పవర్ ఎక్కువైతే పని అవుతుందని పురుగుమందుల షాపు ఆయనకు నేర్పింది. అదే చదువుతో స్కోపు కొనడానికి వస్తాడు.

అలా వచ్చినవాళ్లలో మొదటివాడు రామకోటయ్య అనే ఆసామి. కొట్టులో ఉన్న అన్నిటికన్నా పొడుగాటి గొట్టం తీసుకున్నాడు. దాని మూతి చెంబు మూతంత ఉండేది. రైఫిల్ మీద బిగిస్తే ఏది దేన్ని మోస్తోందో తెలిసేది కాదు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు.

"పంది కనపడిందా అండీ?" అని అడిగాను.

"వెంట్రుకలు కనపడ్డాయి."

"పంది?"

"వెంట్రుకలేనయ్యా! నల్లగా, నిక్కబొడుచుకుని, ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తలెటో తోకెటో తెలీలా. కాసేపు చూసి, ఏదైతే అది అయిందని ఆ వెంట్రుకల్లోకే కొట్టా."

"తగిలిందా?"

"తగిలింది," అని తన కుడి కనుబొమ్మ చూపించాడు. అక్కడ ఎర్రగా, చక్కగా గీసినట్టు ఒక నెలవంక ఉంది.

ఈ నెలవంక గురించి కొత్తవాళ్లు తెలుసుకోవాలి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. కన్నుకూ గొట్టానికీ మధ్య నాలుగు వేళ్లయినా ఎడం లేకపోతే గొట్టం అంచు వచ్చి కనుబొమ్మను కోస్తుంది. పెద్ద పవర్ గొట్టాల్లో చాలావాటికి కన్ను బాగా దగ్గర పెడితేగాని బొమ్మ నిండుగా కనిపించదు. పైగా వాటి మూతి పెద్దది కాబట్టి ఎత్తుగా బిగించాలి. ఎత్తుగా బిగిస్తే చెంప బట్ కర్రకు ఆనదు, తల గాలిలో ఊగుతుంటుంది. ఇన్ని కలిశాక నెలవంక పొడవక ఏం చేస్తుంది?

రామకోటయ్య మాత్రం దాన్ని ఊళ్లో పంది కోర గీసుకున్న గాయంగా చెప్పుకున్నాడు. కాఫీ హోటల్లో ఆ గాయం చూపించి చాలా టీలు తాగాడని తర్వాత తెలిసింది.

బోర్డు పరీక్ష

మా యజమాని కోటేశ్వరరావు గారు మంచి మనిషి. నా పిల్లల ఫీజులకు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. కానీ స్కోపు చూపించే పద్ధతి మాత్రం ఆయనది తప్పు. ఇప్పుడు నిర్భయంగా చెబుతున్నాను.

కొట్టులో ఒకే ఒక్క పేము కుర్చీ ఉండేది. కొనేవాడిని అందులో కూర్చోబెట్టి, వట్టి గొట్టం చేతికిచ్చి, గుమ్మంలోంచి చూడమనేవారు. వీధి చివర ఒక కోచింగ్ సెంటరు బోర్డు ఉండేది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ బోర్డు మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు, వాళ్ల హాల్‌టికెట్ నంబర్లు. వాటిని చదివించేవారు. "చదవండి చదవండి, చివరి అంకె ఎంత?" ఆయన చెప్పగానే రైతులు ఆయాసపడుతూ చదివి, "భలే ఉందండీ!" అని కొనేసేవారు. బ్రాడీపేటలో ఏ పిల్లవాడికి ఏ ర్యాంకు వచ్చిందో వినుకొండ రైతులందరికీ నోటికి వచ్చు.

"అయ్యగారూ, పంది నంబరు వేసుకుని రాదు కదండీ," అన్నాను ఒకసారి.

"ఏమయ్యా దేవదానం, అడిగింది అమ్మేవాడు వ్యాపారి. అడగంది అమ్మేవాడు పాస్టరు. నువ్వు ఆదివారం చర్చిలో చెప్పుకో," అన్నారు.

నేను నవ్వి మళ్లీ తుప్పు గీకడంలో పడ్డాను. నాకు కోపం కూడా వచ్చింది.

కనుబొమ్మ ఎవరిది?

ఇక అసలు కథ. రామకోటయ్యకు నరసయ్య గారని ఒక తోడల్లుడు. ఇద్దరిదీ ఒకే ఊరు, తోటలు పక్కపక్కనే. నరసయ్య గారు కొట్టులోకి వస్తూనే పేము కుర్చీలో కూర్చుని, "మా తోడల్లుడికి ఇచ్చినదానికన్నా బెత్తెడు పొడుగుది చూపించండి," అన్నారు.

"పందులు బాగా పడుతున్నాయా అండీ?" అన్నాను.

"పందుల సంగతి తర్వాత. ఆయన గొట్టం మా మంచె మీదికి కనపడుతోంది."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో. తోడికోడళ్లకే ఎందుకు చెడ్డపేరు వచ్చిందో గాని, తోడల్లుళ్లు ఏమీ తక్కువ తినలేదు.

"రైఫిల్ తేలేదేమండీ?" అని అడిగాను. ఇంట్లో ఉందన్నారు. మామగారి రైఫిలట, దాని మీద ఆయన కాలం నాటి స్కోపుకు లోపల బూజు పట్టిందట, బిగించే కట్లు బాగానే ఉన్నాయట. మా యజమాని బోర్డు చదివించారు. నరసయ్య గారు చివరి అంకెతో సహా చదివి, అన్నిటికన్నా పొడుగుది సంచిలో పెట్టుకుని వెళ్లారు. ఆ సంచిలో పట్టక మూతి బయటికి ఉండిపోయింది.

కొన్ని వారాలకు ఉరుములా తిరిగి వచ్చారు. గొట్టాన్ని బల్ల మీద పెట్టి, "ఇదేం సరుకండీ! కనుబొమ్మ చీరేసింది! కుట్లు పడ్డాయి!" అని కేకలు వేశారు. పక్క కళ్లజోళ్ల షాపువాళ్లు కూడా తొంగి చూశారు.

నేను ఆయన మొహంలోకి చూశాను. కుడి కనుబొమ్మ నున్నగా ఉంది. ఎడమదీ అంతే. ఒక్క వెంట్రుక కూడా చెదరలేదు.

"ఎవరి కనుబొమ్మండీ?" అని అడిగాను.

నరసయ్య గారి కేక సగంలో ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్నారు. మా యజమాని వంక చూసి, గుమ్మం వంక చూసి, నా చెవి దగ్గరికి వంగి, "మా ఇంట్లోవాళ్లది," అన్నారు.

రైఫిల్ ఆయన భార్య సీతారావమ్మ గారి నాన్నగారిది. ఆయన పోయాక లైసెన్సు ఆవిడ పేరు మీదికే మారింది. చిన్నప్పుడు నాన్న పక్కన మంచె మీద కూర్చుని నేర్చుకున్నది కూడా ఆవిడే. నరసయ్య గారు తుపాకీ శబ్దానికి చెవుల్లో వేళ్లు పెట్టుకునే మనిషి. ఆ మాట చెప్పలేకే ఆయన రైఫిల్ లేకుండా వచ్చి, తన కంటికి, తన మెడకు, తన పంతానికి సరిపోయే గొట్టం కొనుక్కుపోయారు. మా కొట్టులో ఇద్దరం ఉన్నాం, ఒక్కరం కూడా "కాల్చేది ఎవరండీ?" అని అడగలేదు. మగవాడు కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి కాల్చేది కూడా ఆయనే అనుకున్నాం.

"ఇప్పుడు తుపాకీ ఎత్తగానే కళ్లు మూసుకుంటోందండీ. ఇంకొక్కసారి గొట్టం తగిలితే నాన్న తుపాకీ అయినా సరే స్టేషన్లో ఇచ్చేస్తానని ఒట్టు పెట్టుకుంది. తోటలో ఇంకా మొదటి కోత కూడా కాలేదు. పందులు సగం చాళ్లు లేపేశాయి," అన్నారు నరసయ్య గారు. ఈసారి ఆయన గొంతులో తోడల్లుడు లేడు. నాకు జాలేసింది.

"ఆవిడని, రైఫిల్‌ని, లైసెన్సుని మూడిటినీ తీసుకురండి. మధ్యాహ్నం వద్దు, సాయంత్రం రండి," అని చెప్పాను.

చిన్నది

సీతారావమ్మ గారు వచ్చారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కుడి కనుబొమ్మ మీద ముదురు ఎరుపు నెలవంక. అలవాటుగా నరసయ్య గారు వెళ్లి పేము కుర్చీలో కూర్చున్నారు. నేను ఆయన్ని లేపి ఆవిడని కూర్చోమన్నాను. మా యజమాని దగ్గారు.

"గుమ్మానికి కొట్టుకున్నానని ఊరంతా చెప్పారన్నయ్య గారూ ఈయన. మా ఇంటి గుమ్మం నా నుదుటి దాకా కిందికి వంగితే గాని కనుబొమ్మకి తగలదు!" అన్నారావిడ.

ఆవిడకి అద్దాల అరలో అడుగున పడి ఉన్న ఒక చిన్న స్కోపు తీశాను. జానెడు కన్నా కాస్త పొడుగు. మూతి ఉబ్బు లేకుండా తిన్నగా ఉంటుంది. పవర్ ఒకటిన్నర దగ్గర మొదలై నాలుగైదుతో ఆగిపోతుంది. ఎవరూ అడగక దుమ్ము పట్టి ఉంది.

"ఇదా?" అన్నారు నరసయ్య గారు. "ఇది టార్చిలైటు కన్నా చిన్నగా ఉంది. మా తోడల్లుడు నవ్వుతాడు."

"పందులు నవ్వకపోతే చాలు, మీరూరుకోండి," అన్నారావిడ.

ఇప్పుడు శ్రద్ధగా చదవండి, ఎందుకంటే పని ఇక్కడుంది. రైఫిల్ ఖాళీగా ఉందని నేను చూశాను, ఆవిడ చూశారు, మళ్లీ నేను చూశాను. చిన్న మూతి కాబట్టి స్కోపు కిందికి బిగిసింది, ఆవిడ చెంప కర్రకు హాయిగా ఆనింది. వెనకవైపు గోడకేసి నిలబడి, కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి, సౌకర్యంగా ఉన్నచోట ఆపి, అప్పుడు కళ్లు తెరవమన్నాను. బొమ్మ చుట్టూ నల్లటి నీడ కనపడితే గొట్టాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపాను. మెడ సాచకుండా, కన్ను చికిలించకుండా నిండు గుండ్రం కనిపించేదాకా అలాగే చేశాం. చివరికి ఆవిడ కనుబొమ్మకీ గొట్టానికీ మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి, ఇంకా కాస్త చోటు మిగిలింది.

"వేళ్లు తీయకండి అన్నయ్య గారూ, ధైర్యంగా ఉంది," అన్నారు.

పొద్దు వాలాక కొట్టు వెనక దొడ్లో ఇంకో పరీక్ష పెట్టాను. అక్కడ ప్రహరీ నీడలో, పాత పత్తి గోనె బోరేల పక్కన, మా యజమాని నల్ల గొడుగు తెరిచి పెట్టాను. బిగించిన చోట గుర్తు పెట్టి చిన్నదాన్ని రైఫిల్ నుంచి విప్పి, గొట్టాలు రెండూ వట్టివే చేతికిచ్చాను. పొడుగు గొట్టంలోంచి నరసయ్య గారు వెతుకుతూనే ఉన్నారు. ఒకసారి బోరే నేత కనపడిందన్నారు, ఒకసారి గోడ పగులు కనపడిందన్నారు, ఒకసారి బల్లి కన్ను కనపడిందని సంతోషించారు. గొడుగు మాత్రం దొరకలేదు. సీతారావమ్మ గారు చిన్నదాన్ని కంటికి పెట్టుకుంటూనే, "అదిగో గొడుగు. దానికి ఒక పుల్ల విరిగింది," అన్నారు.

మా యజమాని వెళ్లి గొడుగు చూసుకున్నారు. నిజంగానే విరిగింది. "పిట్ట కొంచెం కూత ఘనం," అని గొణిగారు. ఆయన ఓటమి ఒప్పుకునే పద్ధతి అది.

పవర్ తగ్గితే చూసే మేర పెరుగుతుంది, మసకలో వెలుతురూ మెరుగవుతుంది. పంది తల, తోక, దాని వెనక ఎవరి గొడ్డు నిలబడిందో, ఎవరి మనిషి నడుస్తున్నాడో అన్నీ కనపడతాయి. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. చిన్న స్కోపుకు లోటు లేదని కాదు. మైదానంలో దూరంగా ఉన్నదాన్ని కొట్టాలంటే అది చాలదు. కానీ మిరపతోటలో అంత దూరంలో ఉన్న పంది పక్కవాడి పంది. దాని జోలికి మనం పోకూడదు.

నరసయ్య గారి గాయం

ఒకరోజు దంపతులిద్దరూ స్వీట్ల పొట్లంతో వచ్చారు. తెల్లవారుజామున చాలులో తవ్వుతున్న పెద్ద మగపందిని ఆవిడ ఒక్క గుండుతో పడగొట్టారు. కళ్లు మూసుకోలేదు. కనుబొమ్మకు గొట్టం తగల్లేదు. అటవీ శాఖవాళ్లు వచ్చి చూసుకుని వెళ్లారు. మిగిలిన మంద కొండ దాటి పోయింది. తోట కోతకు వచ్చింది. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి. నేను చేసిన మరమ్మతులన్నిటిలోకీ ఆవిడ భయాన్ని మరమ్మతు చేయడమే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను.

కానీ నరసయ్య గారి మొహం మీద ప్లాస్టరు ఉంది. కనుబొమ్మ మీద.

"ఏమైందండీ?" అని కంగారుగా అడిగాను. చిన్న స్కోపు తగలడానికి వీల్లేదు.

"తుపాకీ తన్నిందండీ. మగపంది కదా, గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది," అన్నారాయన, బోర్డు వంక చూస్తూ.

సీతారావమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ప్లాస్టరు కాస్త ఎత్తి చూశాను. నెలవంకే. చక్కగా ఉంది. కాకపోతే ఎడమ కనుబొమ్మ మీద ఉంది.

"నరసయ్య గారూ, రైఫిల్ మీరు ఏ భుజాన పెట్టుకుంటారండీ?"

"కుడి భుజాన."

"మరి గాయం ఎడమ వైపు?"

ఆయన చెయ్యి కుడి కనుబొమ్మ మీదికి వెళ్లింది, అక్కడ ఏమీ దొరక్క ఎడమ కనుబొమ్మ మీదికి వచ్చింది. ఇక ఆవిడ ఆగలేకపోయారు.

"హోటల్లో రామకోటయ్య బావ అడిగాడంట అన్నయ్య గారూ, పంది కొట్టినోడివి, నాకున్నట్టు నీకు గాటేది అని. ఇంటికొచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా గాయం చూస్తా చూస్తా, స్టీలు గ్లాసు అంచుతో నొక్కుకున్నారు. నా కుడి వైపు ఎదురుగా ఉన్నాయనకి ఎడమేగా! నాకప్పుడే తెలుసు. చెప్తే ఇంకో వైపు కూడా నొక్కుకుంటారని ఊరుకున్నా."

మా యజమాని లెక్కల బల్ల కిందికి ఏదో వెతుక్కోవడానికి వంగి చాలాసేపటికి గాని పైకి లేవలేదు. నరసయ్య గారు మాత్రం తొణకలేదు. గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగారు. "దేవదానం గారూ, ఎడమచేతివాటం వాళ్లు కూడా తుపాకీ కాలుస్తారాండీ?"

"కాలుస్తారండీ."

"చూశావా?" అన్నారు భార్యతో. ఆ మాట పూర్తికాకుండానే ఆయనకే నవ్వొచ్చింది. నవ్వితే ప్లాస్టరు లాగి నొప్పెట్టింది, అయినా నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత వానల్లో అదే ఊరినుంచి ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ వచ్చారు. పెద్దాయన, "సీతారావమ్మ గొట్టం ఉందంటగా, అది కావాలి," అన్నాడు.

"ఎవరు చెప్పారండీ?"

"వాళ్లాయనే. హోటల్లో అందరికీ చెప్తున్నాడు, మా ఆవిడ కొట్టింది, నేను పక్కన కూర్చుని చెవులు మూసుకున్నా అని. గాటు గురించి అడిగితే గ్లాసు తెచ్చి మరీ చూపిస్తున్నాడు. రామకోటయ్య ఇప్పుడు కనుబొమ్మల దాకా టోపీ లాక్కుని తిరుగుతున్నాడు."

పెద్దాయన అలవాటుగా పేము కుర్చీ వైపు నడిచాడు. మా యజమాని కోటేశ్వరరావు గారు నాకంటే ముందు లేచి, కుర్చీని చేత్తో పట్టుకుని, "ముందు ఒక్క మాట చెప్పండి, కాల్చేది ఎవరు?" అన్నారు.

పెద్దాయన ఆగి, పక్కకు తప్పుకున్నాడు. పెద్దావిడ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది.